ఫొటో లేదు, లెక్క ఉండేది

కృష్ణబిలం అన్నిటినీ పీల్చేసుకుంటుందని ఇంకెవరైనా నా ఎదుట అంటే ఊరుకునేది లేదు. టీవీ పెడితే అదే మాట. యూట్యూబు తెరిస్తే అదే మాట. పిల్లలకు కొనిచ్చే పుస్తకాల్లో నోరు తెరుచుకున్న రాక్షసి బొమ్మ వేసి, చుట్టూ నక్షత్రాలు గగ్గోలు పెడుతున్నట్టు గీస్తున్నారు. మొన్న ఒక చానెల్లో ఒకాయన వెనక డప్పుల మోత పెట్టించుకుని, మన పాలపుంత నడిమధ్య ఒక భూతం కాచుకుని ఉందనీ, ఏదో ఒకనాటికి సూర్యుణ్ణీ మననీ కలిపి మింగేస్తుందనీ అరగంట సేపు చెప్పాడు. ఆ అరగంటలో ఒక్క అంకె లేదు. అది ఎంత దూరాన ఉంది, ఎంత బరువుంది, ఆ బరువు ఇంత దూరం నుంచి మనల్ని ఎంత లాగగలదు? ఈ మూడూ చెబితే కార్యక్రమం మూడు నిమిషాల్లో ముగిసిపోయేది. భయపడేవాడు ఒక్కడూ మిగిలేవాడు కాదు.

మా రోజుల్లో ఇలా కాదు. నేను డిగ్రీలో చేరేనాటికి మా పుస్తకాల్లో బ్లాక్ హోల్ అన్న మాటే లేదు. 1967 చివర్లో జాన్ వీలర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ఉపన్యాసంలో వాడాకే ఆ పేరు లోకంలో నిలిచింది. మాకున్నవి న్యూటన్ సూత్రం, కెప్లర్ నియమాలు, క్లార్క్ లాగరిథమ్ పట్టికలు. కాలిక్యులేటర్ మొహం చూసినవాడు లేడు. పది ఘాతం ఒకటి అటూ ఇటూ అయితే మాస్టారు కాయితం తిరిగి మన చేతిలోనే పెట్టి, మళ్లీ మొదటినుంచి చెయ్యమనేవారు. ఆ చాదస్తం వల్లే ఒక సంగతి ఒంటికి పట్టింది. గురుత్వాకర్షణకి రెండే కావాలి: ఎంత ద్రవ్యం, ఎంత దూరం. లాగేది రాయా, నక్షత్రమా, కృష్ణబిలమా అన్నది దానికి అక్కర్లేదు.

ఇప్పటివాళ్లకి ఈ కథంతా 2019లో ఫొటో రూపంలో ఊడిపడిందనిపిస్తోంది. ఆ ఏడాది ఏప్రిల్ 10న ఎమ్87 గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం చిత్రం, నారింజ రంగు వలయం, మధ్యలో నల్లటి నీడ, ప్రపంచమంతా చూసింది. సాయంత్రానికల్లా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ముప్పావు వంతు మంది ఖగోళ శాస్త్రజ్ఞులైపోయారు. పెళ్లికి వెళ్లకుండా ఆల్బమ్ తిరగేసినవాడికి ఆ సంబంధం ఎలా కుదిరిందో, మధ్యలో ఎన్ని తప్పిపోయాయో ఏం తెలుస్తుంది? ఈ సంబంధం కుదరడానికి యాభై ఆరేళ్లు పట్టింది.

1963 నుంచి మొదలుపెట్టాలి. కేంబ్రిడ్జివాళ్లు తయారుచేసిన రేడియో మూలాల మూడో జాబితాలో 273 నంబరుది ఒకటుంది, 3సి 273. రేడియోలో గట్టిగా మోగుతోంది కానీ ఆకాశంలో సరిగ్గా ఏ చుక్క దగ్గర్నుంచో తెలియదు. 1962లో చంద్రుడు దానికి అడ్డుగా వచ్చాడు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు దగ్గర సిరిల్ హజార్డ్ బృందం అది ఏ క్షణాన మాయమైందో, ఏ క్షణాన తిరిగొచ్చిందో కొలిచింది. ఆయా క్షణాల్లో చంద్రుడి అంచు ఎక్కడుందో పక్కాగా తెలుసు కాబట్టి మూలం చోటూ తేలిపోయింది. కాసింత బుర్ర పెడితే చంద్రుడే పరికరం అయ్యాడు. నాకు ఇప్పటికీ ఈ పద్ధతి తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఆ చోట చూస్తే మామూలు నక్షత్రంలా ఒక చుక్క. మార్టెన్ ష్మిట్ కాలిఫోర్నియాలో పాలోమార్ కొండమీది రెండువందల అంగుళాల టెలిస్కోపుతో దాని వర్ణపటం తీశాడు. ఎలా తీశాడనుకుంటున్నారు? ఆ రోజుల్లో పరిశీలకుడు టెలిస్కోపు గొట్టం పైకొసన ఉండే బోనులోకి ఎక్కి, చీకట్లో చలికి వణుకుతూ, చుక్క గీత దాటకుండా గంటల తరబడి కాపలా కాసేవాడు. అంత చేస్తే వచ్చేది ఒక చిన్న గాజు పలక, దానిమీద కొన్ని గీతలు. ఆ గీతలు తెలిసిన ఏ మూలకంతోనూ పొసగలేదు. 1963 ఫిబ్రవరిలో ష్మిట్‌కి తట్టింది, అవి మామూలు హైడ్రోజన్ గీతలే, కాకపోతే ఎరుపు వైపుకి 16 శాతం జరిగిపోయి ఉన్నాయని. అంటే ఆ చుక్క రెండువందల కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. అంత దూరాన్నుంచి ఇలా వెలుగుతోందంటే అది మొత్తం ఒక గెలాక్సీ కంటే ఎన్నో రెట్లు కాంతివంతం. పైగా దాని వెలుగు నెలల్లో హెచ్చుతగ్గులవుతోంది. కాంతి ఒక కొసనుంచి మరో కొసకి చేరేలోపు వస్తువంతా కలిసికట్టుగా మారలేదు కనుక, ఆ వెలుగు వచ్చే చోటు కాంతి నెలల్లో కొలవాల్సినంత చిన్నది. గెలాక్సీల్ని మించిన వెలుగు, సౌర కుటుంబం పక్కన పెట్టి పోల్చదగ్గంత చోటులో! ఈ ఒక్క వాక్యాన్ని జీర్ణించుకోవడానికి మాకు ఏళ్లు పట్టింది. ఇప్పటి వీడియోల్లో ఆరు సెకన్లలో దాటేస్తారు.

అంత శక్తి ఎక్కణ్ణుంచి? నక్షత్రాల్లో హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు ద్రవ్యంలో 0.7 శాతమే శక్తిగా వస్తుంది. దానితో లెక్క కుదరదు. 1964లో అమెరికాలో సాల్పీటర్, సోవియట్ యూనియన్లో జెల్దోవిచ్, ఎవరికి వారే, బరువైన కుదించుకుపోయిన వస్తువు మీదికి వాయువు పడుతూ ఉంటే ఆ పతనమే ఇంధనం కావచ్చన్నారు. తిరగని కృష్ణబిలం చుట్టూ సుళ్లు తిరుగుతూ దిగే వాయువు తన ద్రవ్యంలో దాదాపు 6 శాతాన్ని శక్తిగా వెళ్లగక్కుతుంది. బిలం గరిష్ఠ వేగంతో తిరుగుతుంటే అది 42 శాతం దాకా పోతుంది. అణు సంలీనం దీని ముందు ఎందుకూ కొరగాదు. 1969లో డొనాల్డ్ లిండెన్-బెల్ ఇంకో అడుగు వేశాడు. 3సి 273 లాంటి చుక్కలు, అంటే క్వేసార్లు, ఒకప్పుడు అన్ని ఉండేవంటే, ఆరిపోయాక వాటి శవాలు ఎక్కడికీ పోవు, మన పొరుగు గెలాక్సీల నడుమ, బహుశా మన గెలాక్సీ నడుమ కూడా ఉండి తీరాలన్నాడు. 1971లో మార్టిన్ రీస్‌తో కలిసి, మన పాలపుంత కేంద్రంలో అతి చిన్న రేడియో మూలం ఒకటి దొరకాలి, వెతకండి అని రాశాడు. 1974 ఫిబ్రవరిలో బ్రూస్ బాలిక్, రాబర్ట్ బ్రౌన్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ దగ్గర వెతికారు. దొరికింది. దానికే తర్వాత సాజిటేరియస్ ఎ-స్టార్ అని పేరు పెట్టారు. చూడకుండా, లెక్కతో, ఇక్కడ వెతకండని చెప్పి దొరికించుకున్న వస్తువు అది.

ఆ రోజుల్లో మన దేశం చేతులు ముడుచుకుని కూర్చుందని పిల్లలు అనుకుంటున్నారు, అది మరీ బాధ. 1970లో ఊటీలో గోవింద్ స్వరూప్ బృందం 530 మీటర్ల పొడవూ 30 మీటర్ల వెడల్పూ ఉన్న రేడియో టెలిస్కోపు నిలబెట్టింది. ఊటీ అక్షాంశం సుమారు 11 డిగ్రీలు. అంతే వాలున్న కొండని వెతికి పట్టుకుని దానిమీద ఉత్తర దక్షిణాలుగా కట్టారు. దాంతో టెలిస్కోపు ఇరుసు భూమి ఇరుసుకి సమాంతరమైపోయింది. ఒక్క దిక్కున తిప్పితే చాలు, గంటల తరబడి ఆకాశంలో మూలాన్ని వెంబడించవచ్చు. డబ్బు లేని దేశం భూగోళాన్నే యంత్రంలో భాగం చేసుకుంది. దాన్ని కట్టిన ముఖ్య ప్రయోజనం ఏమిటో తెలుసా? చంద్రుడు అడ్డొచ్చే క్షణాల్ని కొలవడం, 3సి 273 చోటు తేల్చిన ఆ పద్ధతే. మన పిల్లలకి హాలీవుడ్ సినిమాలో కృష్ణబిలం పేరు తెలుసు. ఊటీ కొండవాలు సంగతి తెలియదు.

సినిమా అంటే గుర్తొచ్చింది. కృష్ణబిలం చుట్టూ వెలిగే పళ్లెం కంటికి ఎలా కనిపించాలి అన్నది మొట్టమొదట లెక్కకట్టి బొమ్మ వేసింది ఫ్రాన్స్‌లో జాన్-పియెర్ లుమినే, 1979లో అచ్చయింది. ఆయన దగ్గరున్నది చిల్లుల కార్డులు మింగే ఐబీఎం 7040 కంప్యూటరు. అది అంకెలిస్తుంది, బొమ్మ గీయలేదు. ఆయన నల్లసిరా సీసా ముందు పెట్టుకుని, నెగటివ్ కాగితం మీద చేత్తో చుక్కలు పెట్టాడు. వెలుగు ఎక్కువుండాల్సిన చోట దట్టంగా, తక్కువుండాల్సిన చోట పలచగా, ఒక్కొక్క చుక్కా. పళ్లెంలో మనవైపు దూసుకొచ్చే భాగం ఎక్కువ వెలగాలి, అవతలికి పోయేది మసకబారాలి. అదీ ఆ చుక్కల్లో ఉంది. బిలం వెనక దాగాల్సిన పళ్లెం కొస, కాంతి వంగడం వల్ల నెత్తిమీదుగా లేచి కనిపించడమూ ఉంది. నలభై ఏళ్ల తర్వాత వచ్చిన ఫొటోలోనూ వలయం ఒక పక్క ఎక్కువ వెలిగింది. ఆ బొమ్మని పక్కన పెట్టి చూడనివాడికి ఈ ఫొటో సగమే కనబడింది.

ఇక పీల్చడం సంగతి తేల్చాలి.

ఈ రాత్రి సూర్యుణ్ణి తీసేసి, అంతే ద్రవ్యమున్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టారనుకోండి. దాని వ్యాసార్ధం 3 కిలోమీటర్లు. భూమి ఏమవుతుంది? చలికి గడ్డకట్టుకుపోతుంది, అంతే. కక్ష్య వెంట్రుకవాసి కూడా మారదు, ఏడాదికి అవే 365 రోజులు. గోళాకారంగా ఉన్న ద్రవ్యం బయటివాడికి తన బరువంతా కేంద్రంలో ఉన్నట్టే లాగుతుందని న్యూటన్ మూడువందల ఏళ్ల కిందటే నిరూపించాడు. ఐన్‌స్టీన్ సమీకరణాల్లోనూ బయటివాడికి ఆ బరువు ఒక్కటే కనబడుతుంది, అది ఎంత చోటులో కుక్కి ఉందో కాదు. పీల్చే గొట్టం ఎక్కడా లేదు. ఉన్నది ఆకర్షణ, దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోయే ఆకర్షణ.

మన పాలపుంత నడుమ ఉన్నదాని ద్రవ్యం 43 లక్షల సూర్యులు. వినడానికి గుండె జారుతుంది. కానీ సూర్యుడు గెలాక్సీ చుట్టూ తిరిగే దారికి లోపల ఉన్న మొత్తం ద్రవ్యం, నక్షత్రాలు, వాయువు, కనబడని కృష్ణపదార్థం అన్నీ కలిపి, దాదాపు పదివేల కోట్ల సూర్యులు. అందులో ఇది ఇరవై వేలలో ఒక వంతు కూడా కాదు. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగినట్టు నక్షత్రాలన్నీ ఈ బిలం చుట్టూ తిరుగుతున్నాయని చెప్పే పంతుళ్లు కూడా ఉన్నారు, అదే నా కడుపుమంట. సౌర కుటుంబంలో బరువంతా సూర్యుడిదే. గెలాక్సీలో బరువు అందరిదీ. సూర్యుడు సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నది ఆ అందరి బరువుకీ కట్టుబడి. ఆ బిలాన్ని ఎవరో ఎత్తుకుపోయినా సూర్యుడి దారి మారినట్టు తెలియదు, మన పంచాంగంలో విఘడియ తేడా రాదు. ఎత్తుకుపోయిన కబురైనా మనకి చేరడానికి 27 వేల ఏళ్లు పడుతుంది.

మరి 43 లక్షలని ఎలా తెలిసింది? ఫొటోతో కాదు. ఎస్2 అనే ఒక నక్షత్రం ఆ బిలం చుట్టూ పదహారేళ్లకోసారి తిరిగొస్తుంది. దాని కక్ష్య పొడుగాటి దీర్ఘవృత్తం. ఆ దీర్ఘవృత్తం పొడవులో సగం, భూమి-సూర్యుడి దూరానికి వెయ్యి రెట్లకు కాస్త పైన. ఇక కాగితం తియ్యండి. కెప్లర్ మూడో నియమం: దూరాన్ని ఘనం చెయ్యి, కాలాన్ని వర్గం చెయ్యి, మొదటిదాన్ని రెండోదానితో భాగించు, జవాబు సూర్యుల లెక్కన వస్తుంది. వెయ్యి ఘనం వంద కోట్లు. పదహారు వర్గం 256. భాగిస్తే 39 లక్షలు. వెయ్యికి బదులు అసలు దూరం 1,035 పెడితే 43 లక్షలు. అయిపోయింది. ఇంటర్ కుర్రాడు చెయ్యగలిగిన లెక్క. నేను ఎంతమందిని అడిగానో, మన గెలాక్సీ నడుమ ఉన్న బిలం బరువు ఎలా కొలిచారని. రాకెట్ పంపి అన్నవాడు ఒకడు, టెలిస్కోపులో చూసి అన్నవాడు ఇంకొకడు. కెప్లర్ నియమం అందరికీ కంఠతా వచ్చు. ఎందుకూ వాడలేదు. కోచింగు గదుల్లో దాన్ని నాలుగు ఐచ్ఛికాల ప్రశ్న కింద నూరిపోశారు మరి.

ఆ అంకెలు, పదహారు, వెయ్యి, రాబట్టినవాళ్లకి మాత్రం నేను రెండు చేతులెత్తి దండం పెడతాను. జర్మనీ నుంచి రైన్‌హార్ట్ గెంజెల్ బృందం చిలీలోని టెలిస్కోపులతో, అమెరికాలో ఆండ్రియా గెజ్ బృందం హవాయీలోని కెక్ టెలిస్కోపులతో 1990ల నుంచి ఆ చోటునే చూస్తూ వచ్చారు. మధ్యలో ధూళి దట్టంగా ఉంది, మామూలు కాంతిలో లక్ష కోట్ల కిరణాల్లో ఒక్కటి దాటివచ్చినా గొప్పే. అందుకని పరారుణ కాంతిలో చూశారు. మన గాలి అలజడికి చుక్క చెదిరిపోతుంటే, సెకనుకు వందలసార్లు అద్దం ఆకారం మార్చి సరిదిద్దే పద్ధతి వాడారు. ఏడాదికేడాది చుక్కలు జరగడం గుర్తుపెట్టుకుంటూ పోయారు. 2002లో ఎస్2 బిలానికి బాగా దగ్గరగా వచ్చి, గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. 2018 మే నెలలో మళ్లీ. దగ్గరి బిందువు దగ్గర దాని వేగం సెకనుకు 7,600 కిలోమీటర్లకు పైన. భూమి సూర్యుడి చుట్టూ పోయే వేగం 30. పాతికేళ్లు ఒకే చుక్కని వెంబడించిన మనుషులు వాళ్లు. 2020లో రోజర్ పెన్‌రోజ్‌తో పాటు వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. మన చానెళ్లలో ఆ కబురు కింద పాకే అక్షరాల్లో పోయింది.

ఎస్2 సంగతిలోనే పీల్చడానికి సమాధానం కూడా ఉంది. అది బిలానికి 1,800 కోట్ల కిలోమీటర్ల దాకా వచ్చింది. బిలం వ్యాసార్ధం సుమారు కోటీ 27 లక్షల కిలోమీటర్లు. అంత దగ్గరకొచ్చిన నక్షత్రమే మింగుడు పడకుండా మళ్లీ పైకి వెళ్లిపోయింది. ఎందుకంటే దానికి పక్కవాటు వేగం ఉంది, భౌతికశాస్త్రంలో దాన్ని కోణీయ ద్రవ్యవేగం అంటాం. అది ఉన్నంతవరకు పడేది పక్కకి పడుతూనే ఉంటుంది. బిలంలో పడటం తేలిక కాదు, చాలా కష్టం. ఆ వేగాన్ని ఎవరికైనా వదిలించుకోవాలి. వాయువైతే తోటి వాయువుతో ఒరుసుకుని, వేడెక్కి, వెలిగి, కొంచెం కొంచెంగా వదిలించుకుంటూ దిగుతుంది. ఆ ఒరిపిడి వెలుగే క్వేసారు. 2014లో జి2 అనే మబ్బులాంటి వస్తువు మన బిలం పక్కనుంచి పోబోతోందని తెలిసి, విందు భోజనం చూస్తారని పత్రికలన్నీ గోల చేశాయి. అది దగ్గరకొచ్చింది, సాగింది, దాటి వెళ్లిపోయింది. విందు జరగలేదని రాయడానికి ఎవరికీ చోటు దొరకలేదు.

మింగకపోగా విసిరేస్తుంది కూడా. జంట నక్షత్రాలు బిలానికి మరీ దగ్గరగా వస్తే ఒకటి చిక్కుకుని రెండోది విపరీతమైన వేగంతో బయటికి ఎగిరిపోతుందని జాక్ హిల్స్ 1988లో లెక్కకట్టాడు. 2019లో సెకనుకు 1,700 కిలోమీటర్లు దాటిన వేగంతో గెలాక్సీనే వదిలి పోతున్న నక్షత్రం ఒకటి దొరికింది. దాని దారిని వెనక్కి గీస్తే సుమారు యాభై లక్షల ఏళ్ల కింద గెలాక్సీ నడిబొడ్డుకు చేరింది. మళ్లీ లెక్కే ముందు, చూడటం ముప్పై ఏళ్ల తర్వాత.

బిలం దగ్గర అసలు తేడా లేదని నేననడం లేదు. తేడా మహా దగ్గరికి వెళితే ఉంది. న్యూటన్ లెక్కలో ఎంత దగ్గరైనా కక్ష్యలో నిలబడొచ్చు. ఐన్‌స్టీన్ లెక్కలో, తిరగని బిలానికి, వ్యాసార్ధం కంటే మూడు రెట్ల దూరంలోపల ఏ కక్ష్యా నిలకడగా ఉండదు. అక్కడి నుంచి లోపలికి జారుడే. ఒకటిన్నర రెట్ల దగ్గర కాంతే గుండ్రంగా తిరగగలదు. వ్యాసార్ధం దగ్గర కాంతికీ తిరుగుదారి లేదు. మన బిలానికి ఆ మూడు రెట్లంటే నాలుగు కోట్ల కిలోమీటర్లు కూడా లేదు, సూర్యుడి నుంచి బుధుడు ఉన్నంత దూరమైనా కాదు. 27 వేల కాంతి సంవత్సరాల అవతల బుధ కక్ష్యలో ఇమిడిపోయే గండం కోసం మనం ఇక్కడ నిద్రమానుకోవాలా?

పెద్ద బిలం మరింత భయంకరం అనుకోవడం ఇంకో తప్పు. మనిషిని చీల్చేది ఆకర్షణ కాదు, కాళ్లకీ తలకీ ఆకర్షణలో వచ్చే తేడా. బిలం ఎంత పెద్దదైతే దాని అంచు దగ్గర ఆ తేడా అంత తక్కువ. మన బిలం సూర్యుడిలాంటి నక్షత్రాన్ని అంచుకి చేరకముందే చీల్చేస్తుంది. ఎమ్87లో ఉన్నది 650 కోట్ల సూర్యుల బరువు, వ్యాసార్ధం ప్లూటో దూరానికి మూడు రెట్లు. అది అదే నక్షత్రాన్ని చెక్కుచెదరకుండా లోపలికి తీసుకుంటుంది. దాని బరువుని దాని పరిమాణంతో భాగిస్తే వచ్చే సాంద్రత మనం పీల్చే గాలి కంటే తక్కువ. నమ్మకపోతే మీరే చేసి చూసుకోండి, లాగరిథమ్ పట్టిక కూడా అక్కర్లేదు ఇప్పుడు.

ఆకర్షణతో గెలాక్సీని పట్టి ఉంచలేని ఈ చిన్న వస్తువు, వెళ్లగక్కే శక్తితో మాత్రం గెలాక్సీ మొత్తాన్ని తడుముతుంది. అసలు వింత అక్కడుంది. 2000 ప్రాంతాల్లో తేలింది, గెలాక్సీ నడిమి ఉబ్బులో నక్షత్రాల వేగాలకీ లోపలి బిలం బరువుకీ గట్టి లంకె ఉందని. ఒకదాన్నొకటి ఎరిగి పెరిగినట్టే. మన పాలపుంత తలానికి పైనా కిందా పాతికవేల కాంతి సంవత్సరాల చొప్పున లేచిన రెండు వేడి బుడగలు 2010లో గామా కిరణాల్లో కనిపించాయి. వాటిని ఊదింది ఒకప్పుడు మేల్కొన్న మన బిలమా, నడుమ పుట్టి పేలిన నక్షత్రాలా అన్నదానిమీద ఇంకా వాదన నడుస్తోంది. అరగంట కార్యక్రమానికి ఇంతకంటే మంచి సరుకు ఏం కావాలి?

సరుకు వదిలేసి చెత్త పంచుతారు. కృష్ణబిలం "ఓం" అంటోందని ఒక శబ్దం మా గ్రూపులో తిరుగుతూనే ఉంది. పెర్సియస్ గెలాక్సీ గుంపు నడిమి బిలం చుట్టుపక్కల వేడి వాయువులో రేపిన అలలు అవి, 2003లో బయటపడ్డాయి. మనిషి చెవికి అందే స్థాయికి ఎంతో కిందున్న అలల్ని 57 సప్తకాలు పైకెత్తి 2022లో వినిపించారు. ఆ అలల్ని పట్టింది చంద్ర ఎక్స్-రే టెలిస్కోపు. ఆ పేరు ఎవరిదనుకున్నారు? 1930లో బొంబాయి నుంచి ఓడెక్కి, ఇంగ్లండు చేరేలోపు ఆరిపోయిన నక్షత్రం ఏ బరువు దాటితే నిలవలేదో లెక్కకట్టిన పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ది. ఆ కుర్రాడి సంగతి గ్రూపులో ఒక్కరూ పంచలేదు.

ఫొటో తీసినవాళ్ల మీద నాకేమీ కోపం లేదు. 2017 ఏప్రిల్‌లో ఎనిమిది రేడియో టెలిస్కోపులు, హవాయీ, చిలీ, స్పెయిన్, మెక్సికో, అరిజోనా, దక్షిణ ధ్రువం, ఒకేసారి గురిపెట్టాయి. పోగైన సమాచారం ఇంటర్నెట్‌లో పంపలేనంత. హార్డ్ డిస్కులు పెట్టెల్లో పెట్టి విమానాల్లో పంపారు. దక్షిణ ధ్రువంలోని పెట్టెలు, శీతకాలంలో అక్కడ విమానం దిగదు కాబట్టి, నెలల తరబడి అక్కడే ఉండిపోయాయి. మిగతావాళ్లు కాచుకున్నారు. మన పాలపుంతలోని బిలం చిత్రానికి 2022 మే 12 దాకా ఆగాల్సి వచ్చింది, దాని చుట్టూ వాయువు నిమిషాల్లో తిరిగేస్తుంది, చిత్రం నిలవదు. ఓపిక మా కాలంలోనే చచ్చిపోలేదని వాళ్లని చూస్తే తెలుస్తుంది. చచ్చింది చూసేవాళ్లలో.

చూడటమైనా సరిగ్గా చూస్తున్నారా? ఆ బిలం ఉన్న దిక్కు మన ఊళ్లోంచి చక్కగా కనబడుతుంది, యూరపువాళ్లకంటే మనకే ఎత్తులో. జూన్, జూలై రాత్రుల్లో, వాన వెలిసిన నాడు, దక్షిణాన వృశ్చికం కొండికి ఎడంపక్కన, ధనుస్సు మొదట్లో, మూలా నక్షత్రానికి కాస్త ఎగువన. మా చిన్నప్పుడు ఆరుబయట మంచాలేసుకుంటే పాలపుంత అక్కడే బాగా వెడల్పుగా, చిక్కగా కనబడేది. పెద్దవాళ్లు మూల ఏదో, జ్యేష్ఠ ఏదో వేలు పెట్టి చూపేవారు. ఇప్పుడు మా డాబామీంచి చూస్తే పక్క కల్యాణమండపం దీపాలు తప్ప ఏమీ కనబడవు. ఫోన్లో మాత్రం నారింజ వలయం ఉంది.

మా మనవడు ఇంటర్ రెండో ఏడు. ఎస్2 లెక్క వాడి చేత చేయించాను, 43 లక్షలు వచ్చేదాకా లేవనివ్వలేదు. వచ్చాక వాడే అడిగాడు, "తాతయ్యా, బరువు తెలిసింది సరే, అది తిరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?" అదీ అడగాల్సిన ప్రశ్న. ఎస్2 కక్ష్య ఐన్‌స్టీన్ చెప్పినట్టే ప్రతి చుట్టుకీ డిగ్రీలో అయిదో వంతు చొప్పున జరుగుతోందని 2020లో తేలింది, అది బరువు వల్ల వచ్చే జరుగుడు. బిలం తిరుగుతుంటే చుట్టూ ఉన్న దేశకాలాన్ని కూడా వెంట తిప్పుతుంది, అప్పుడు కక్ష్య తలమే మెల్లగా ఒరుగుతుంది. ఎస్2 అంత దగ్గరిది కాదు, ఆ ఒరుగుడు దాంట్లో పట్టుబడటం బహు కష్టం. ఇంకా లోపల, ఇంకా మసకగా తిరిగే నక్షత్రం ఒకటి దొరకాలి, దాన్ని ఏళ్ల తరబడి వెంబడించాలి. ఎస్2 మళ్లీ దగ్గరకొచ్చేది 2034లో. "అప్పటికి నీకు పాతికేళ్లు దాటుతాయిరా, చిలీకి వెళ్లి కూర్చో" అన్నాను. వాడు ఫోన్ పక్కన పెట్టి, మరి ఆ లోపలి నక్షత్రం ఎంత దగ్గరగా ఉండాలో లెక్క మొదలుపెట్టాడు.